కొండ లేని ఊళ్లో దారి తప్పడం

మాది కదిరి. అక్కడ దారి తప్పడం కష్టం. ఎటు తిరిగినా ఏదో ఒక కొండ కనిపిస్తూనే ఉంటుంది. అది కుడి చేతికి ఉంటే ఇంటికి పోతున్నట్టు, ఎడమ చేతికి ఉంటే బడికి పోతున్నట్టు. ఈ లెక్క చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు, సైకిల్ తొక్కుతూ తొక్కుతూ అదే వచ్చేసింది. పోయినేడాది మే నెలలో ట్రాన్స్‌ఫర్ మీద అమలాపురం వచ్చాక ఆ లెక్క మొత్తం పనికిరాకుండా పోయింది. కోనసీమలో కొండ లేదు. ఒక గుట్ట లేదు, మిట్ట లేదు, కనీసం పెద్ద బండరాయి కూడా లేదు. ఉన్నదల్లా కొబ్బరిచెట్లు. నాలుగు వైపులా కొబ్బరిచెట్లే కనిపిస్తుంటే ఏ వైపు ఏ వైపో ఎట్లా తెలుస్తుంది చెప్పండి!

వచ్చిన కొత్తలో ఇంకో మోసం కూడా జరిగింది. కోనసీమ అంటే పచ్చదనం, కాలువలు, గలగలలు అని అందరూ ఊరించి పంపారు. మే నెలలో దిగి చూస్తే కాలువలన్నీ ఎండిపోయి, అడుగున ప్లాస్టిక్ కవర్లూ పగిలిన కుండలూ కనిపిస్తున్నాయి. అమ్మ ఆటోలోంచి తొంగి చూసి "మన వంక మాదిరే ఉందే ఇదీ" అంది, వంకంటే మా వైపు వాగు. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారని మాకు తెలీదు కదా. జూన్‌లో ఒక రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికి వస్తే, నిన్నటి దాకా కుక్కలు పడుకున్న కాలువలో నిండా ఎర్రటి నీళ్లు. వాన లేదు, ఉరుము లేదు, ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలారట, అంతే, మా వీధి చివరికి గోదావరి వచ్చేసింది. అమ్మ గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకోని ఈ ఊరోళ్లకి ఇంగ ఏం కష్టముంటాదే?" అంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే పాత అనంతపురం జిల్లా మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. నా దగ్గర జవాబు లేదు అప్పటికి.

ఆ వారమే సైకిల్ కొన్నాను. గేర్ల సైకిల్ కావాలంటే షాపాయన నన్ను జాలిగా చూసి, "గేర్లెందుకండీ మేడమ్ గారూ, మన కోనసీమలో ఎత్తుండే చోటేదండీ, వంతెనలు తప్ప!" అన్నాడు. అమ్మకం పోతుందని తెలిసి కూడా నిజం చెప్పే షాపువాడిని నేను అప్పటిదాకా చూడలేదు. మామూలు లేడీస్ సైకిల్, ముందు బుట్ట, వెనక క్యారియర్, గంట. ఒక్క సలహా మాత్రం గట్టిగా ఇచ్చాడు, చైన్‌కి వారం వారం నూనె వెయ్యమని. ఉప్పు గాలికి తుప్పు ఎంత త్వరగా పడుతుందో రెండు వానలు తడిశాక నాకే అర్థమైంది.

ముప్ఫై నాలుగేళ్ల ఆడమనిషి, బ్యాంకులో ఉద్యోగం, స్కూటీ కొనుక్కునే స్తోమత ఉండి సైకిల్ తొక్కుతుందంటే ఊళ్లో వాళ్లకి అది ఒక సమస్య. మొదటి నెలంతా "బండి రిపేరాండీ?" అని అడిగారు. రెండో నెల "డాక్టరుగారు చెప్పారాండీ?" అన్నారు. మూడో నెల నుంచి అడగడం మానేసి, ఎక్కడ చూశారో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. కౌంటర్ దగ్గర పాస్‌బుక్ చేతికిస్తూ "మొన్న మా గట్టు మీద వెళ్లింది తమరే కదండీ" అనేవాళ్లు. ఇంత మర్యాదగా నిఘా పెట్టే జిల్లా ఇంకోటి ఉండదేమో. "ఆయ్" అంటారు, "అండీ" అంటారు, మీరు ఏ రోజు ఎక్కడ టీ తాగారో కూడా చెప్తారు.

దారి తప్పడం గురించి కదా మొదలుపెట్టాను.

జులైలో ఒక ఆదివారం బండారులంక వైపు వెళ్లాను, చేనేత మగ్గాలు చూద్దామని. తిరిగొచ్చేటప్పుడు ఫోన్‌లో మ్యాప్ ఒక అడ్డదారి చూపించింది. సన్నటి సిమెంట్ రోడ్డు, అది కాస్తా మట్టిబాట అయ్యింది, మట్టిబాట కాస్తా కొబ్బరితోటలోకి దూరింది, చివరికి ఒక కాలువ గట్టు మీద నన్ను నిలబెట్టి ఆగిపోయింది. అవతలి గట్టుకి వంతెన ఉంది, ఉందంటే ఉంది, రెండు కొబ్బరి దుంగలు పక్కపక్కనే పడేసి ఉన్నాయి. మ్యాప్ దృష్టిలో అది రోడ్డే.

తోటలో కొబ్బరి పీచు డొక్కలు పోగేస్తున్న పెద్దాయన ఒకరు పని ఆపి నన్నూ సైకిల్‌నూ కాసేపు చూసి, "ఎవరి తాలూకమ్మా?" అన్నారు.

"కదిరి తాలూకా అండీ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నాకు ఆయనకి ఎందుకు అర్థం కాలేదో అర్థం కాలేదు. కదిరి ఎక్కడుందో, మండలాలు రాకముందు తాలూకా ఎట్లా ఉండేదో వివరించబోయాను కూడా. తాలూకా అంటే ఇక్కడ "ఎవరికి చెందిన మనిషివి, ఎవరింటికి వచ్చావు" అని అర్థమని తర్వాత ఆఫీసులో చెప్తే తెలిసింది. రెండు రోజులు నవ్వారు. ఇప్పటికీ కొందరు నన్ను కదిరి తాలూకా అనే పిలుస్తారు.

ఆ పెద్దాయన సైకిల్‌ని భుజాన వేసుకుని దుంగల మీద గబగబా దాటించేశారు. నేను మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని అడ్డంగా పీతలా నడిచాను. అవతలకి చేరాక ఇంటికి ఎటు అని అడిగితే ఆయన తూర్పూ పడమరా చెప్పలేదు, కుడీ ఎడమా చెప్పలేదు. కాలువ వైపు చెయ్యి చూపించి, "దీనికి ఎదురెళ్తే లొల్ల లాకులమ్మా, వాలెళ్తే సముద్రం. మధ్యలో అమలాపురం, ఎక్కడికి పోద్దీ" అన్నారు.

ఆ ముక్కతో నాకు కోనసీమ అర్థం కావడం మొదలైంది. మాకు కొండ ఎట్లాగో వీళ్లకి కాలువ అట్లాగ. నీళ్ల మీద ఏ ఆకో గుర్రపుడెక్క ముక్కో ఎటు పోతుందో చూస్తే చాలు, దిక్కు తెలిసిపోతుంది. అన్నీ ధవళేశ్వరం నుంచే వస్తాయి, అన్నీ సముద్రం వైపే పోతాయి. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు 175 గేట్ల బ్యారేజీ ఉంది. అక్కడ గోదావరిని పట్టి తూర్పు డెల్టాకి ఒక కాలువ, పడమటి డెల్టాకి ఒకటి, మధ్య డెల్టాకి బొబ్బర్లంక దగ్గర ఇంకొకటి విడదీశారు. మధ్య డెల్టా అంటే మేమే. మొత్తం మూడు డెల్టాలు కలిపి దాదాపు 10 లక్షల ఎకరాలు. మోటారు లేదు, బోరు లేదు, నీళ్లు వాటంతట అవి నడుచుకుంటూ పోతాయి. 800 అడుగులు బోరు వేసినా దుమ్ము మాత్రమే వచ్చిన చేను మాది. అలాంటి దాన్ని నేను ఈ గట్ల మీద సైకిల్ తొక్కుతుంటే కొంచెం అసూయ పుట్టేది, దాచుకోవడం దేనికి.

సైకిల్ మీద కొంతకాలం తిరిగాక ఇంకోటి గమనించాను, కారులోనో బస్సులోనో అయితే ఈ జన్మకి తెలిసేది కాదు. ఇక్కడ నీళ్లు రెండు రకాలు. ఒకటి పంట కాలువ, ఇది నేలలో కాస్త ఎత్తుగా ఉండే వరస మీద పోతుంది, అప్పుడే కదా రెండు వైపులా పొలాల్లోకి నీళ్లు జారేది. ఊళ్లు, రోడ్లు, గుళ్లు, టీ కొట్లు అన్నీ దీని పక్కనే. రెండోది మురుగు కాలువ, పొలాల్లో మిగిలిన నీళ్లని పల్లంలోంచి పట్టుకుని సముద్రానికి తీసుకెళ్లేది. దాని పక్కన ఎవరూ ఇళ్లు కట్టుకోరు, దాని గట్టు మీద రోడ్డు కూడా సరిగా ఉండదు. నీళ్లు నల్లగా, నిండా గుర్రపుడెక్క, మీద ఊదారంగు పూలు. ఫోటోకి చాలా బాగుంటుంది, నేనూ తీసి స్టేటస్ పెట్టాను. ఆ స్టేటస్ చూసిన మా బ్యాంకు ఖాతాదారు ఒకాయన "మేడమ్ గారూ, ఆ పూలు చూస్తే మాకు గుండెల్లో దడండీ" అన్నాడు.

ఆ దడ ఎందుకో అక్టోబర్‌లో ఆయన పొలం దగ్గరే చూశాను. మూడు రోజులు విడవకుండా వాన. నాలుగో రోజు తెరిపిస్తే అల్లవరం వైపు బయల్దేరాను. దారిలో ఆయన గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. చేలో పొట్టకొచ్చిన వరి, మెడ దాకా నీళ్లు. పంట కాలువ నుంచి వచ్చిన నీళ్లు కావవి, వాన నీళ్లు, వాటిని తీసుకుపోవాల్సిన మురుగు కాలువ గుర్రపుడెక్కతో బిగుసుకుపోయి కదలడం లేదు. పైగా పోటు సమయం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువలోంచి వచ్చే నీళ్లని లోపలికి రానివ్వదట, వెనక్కి నెట్టేస్తుందట. "మీకు నీళ్లు రావని ఏడుపు కదండీ, మాకు పోవని ఏడుపండీ" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు, చెప్పాడంతే.

2011లో ఇక్కడి రైతులు ఖరీఫ్ అసలు వెయ్యబోమని మానేసి పంట విరామం ప్రకటించారు. ఆ వార్త నేను అప్పట్లో కదిరిలో పేపర్లో చదివాను, చదివి, "నీళ్లుండి పంట మానేయడమేంటి, తిన్నది అరక్క" అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకే అన్నాను, మా నాన్న కూడా అవునన్నాడు. గిట్టుబాటు ధర, కూలీలు దొరక్కపోవడం, ఈ మురుగు గొడవ, అన్నీ కలిసి అంతదాకా తెచ్చాయని ఆ గట్టు మీద నిలబడ్డాక గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఆ రోజు సముద్రం దాకా వెళ్లలేదు, వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను, జూన్‌లో అడిగావే, ఇదీ కష్టం అని. అమ్మ "పాపం" అంది, కాసేపాగి "అయినా నీళ్లు నీళ్లే" అంది.

మళ్లీ ఎండలు కాశాక ఓడలరేవు వెళ్లాను. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోటు. వెళ్లేటప్పుడు తెల్లవారుజామున ఎగిరినట్టు పోయాను, గాలి అంతా వెనకే ఉంది, నా కాళ్లకి ఇంత బలమెక్కడిదా అని గర్వపడ్డాను కూడా. బీచ్‌లో పదింటిదాకా కూర్చుని, ఇంకొంచెం ముందుకి పోదామని ఒడ్డు వెంబడే తొక్కేసరికి ఎదురుగాలి మొదలైంది. షాపాయన చెప్పని సంగతి ఇదొకటి. ఎత్తు లేదు నిజమే, కానీ ఎదురుగాలిలో చదును రోడ్డు మీద కూడా దిగి నడిపించుకోవాల్సి వస్తుంది, అప్పుడు అడిగేవాళ్లకి ఏం చెప్పాలో తెలీదు. పంచరాండీ అంటే అవునన్నాను.

ఆ దారి పొడుగునా చెరువులే. మా వైపు చెరువు అంటే ఊరికి పెద్దదిక్కు, నిండితే పూజలు చేసి చీరా సారె పెడతారు. ఇక్కడ చెరువంటే రొయ్యల చెరువు, మధ్యలో ఏరియేటర్లు బుసబుసమంటూ తిరుగుతుంటాయి, గట్టు మీద కాపలావాడు, కాపలావాడి కుక్క. కుక్కల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పరుగెత్తించకండి, సైకిల్ దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్యన పెట్టుకుని నెమ్మదిగా నడవండి, చక్రం తిరగడం ఆగితే వాటికి సగం ఆసక్తి పోతుంది. మిగిలిన సగానికి బిస్కెట్ ప్యాకెట్. ఇంకో జాగ్రత్త, కొబ్బరిచెట్టు కింద సైకిల్ ఆపొద్దు. నా బుట్ట సొట్ట ఎలా పడిందో మీరే ఊహించుకోండి, నా తల పక్కనే ఉంది అప్పుడు. ఇంకా, 216 జాతీయ రహదారి జోలికి అసలు పోవద్దు, చేపల వ్యాన్లు నీళ్లు కార్చుకుంటూ పోతుంటాయి, ఆ తడి మీద సైకిల్ జారుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అంబాజీపేట దారి. పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది, పొద్దున ఆరింటికి బయల్దేరితే మంచులో కొబ్బరాకుల నుంచి చుక్కలు పడుతూ ఉంటాయి. అంబాజీపేట మొత్తం కొబ్బరి వ్యాపారం మీద బతికే ఊరు. దింపు వాళ్లు దించిన కాయలు రాశులుగా పోసి ఉంటాయి, వలుపు వాళ్లు నేలలో పాతిన ఇనప మొన మీద కాయని గుచ్చి ఒక్క తిప్పు తిప్పితే డొక్క ఊడిపోతుంది. నేను ఒకసారి అడిగి ప్రయత్నించాను, ఒక్క కాయకి పది నిమిషాలు పట్టింది, చుట్టూ ఉన్నవాళ్లు పని మానేసి చూశారు. ధర ఎప్పుడూ వెయ్యి కాయల లెక్కన చెప్తారు, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే నెత్తిన కండువా సర్దుకుంటూ. 96 తుఫానుకి ముందు, తర్వాత అని ఇక్కడి తోటల వయసు చెప్తారని అక్కడే విన్నాను. ఆ నవంబర్ 6 రాత్రి పడిపోయిన చెట్ల గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెట్ల లెక్కలో కాదు, ఇంట్లో మనుషులు పోయినట్టు మాట్లాడతారు.

కానీ నిజం చెప్పాలంటే నేను పోయేది పొట్టిక్కల కోసం. పనసాకులతో చిన్న బుట్ట కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసం ఇంకో పది కిలోమీటర్లు ఎక్కువైనా తొక్కొచ్చు. ఉగ్గాని బజ్జీ తిని పెరిగిన నోరు ఇది, ఊరికే మెచ్చుకోదు.

కనుమ రోజున కూడా ఆ దారినే వెళ్లాను, మొసలపల్లి పక్కన జగ్గన్నతోటకి. ప్రభల తీర్థం. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన శకటం దీని మీదే వచ్చింది, టీవీలో చూసి గోపురం బొమ్మలాంటిదేదో అనుకున్నాను. అక్కడ గుడి లేదు, కొబ్బరితోటే. పదకొండు ఊళ్ల నుంచి పదకొండుమంది రుద్రులు వెదురుతో కట్టి రంగురంగుల బట్టలతో అలంకరించిన ప్రభల మీద వచ్చి అక్కడ కలుస్తారు. వాటిని మోసేవాళ్లు వరిచేలు తొక్కుకుంటూ వస్తారు, ఏ రైతూ ఏమనడు. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక నదిలోకి దించి నడుముల్లోతు నీళ్లలో దాటిస్తుంటే ఆ అరుపులకి నా ఒళ్లు జలదరించింది. కార్లన్నీ మైళ్ల దూరంలో ఆగిపోయాయి, నేను మాత్రం సైకిల్‌ని చేల గట్ల మీదుగా నడిపించుకుంటూ లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు ఎవరూ బండి రిపేరా అని అడగలేదు.

ఇన్ని చెప్పి అమ్మని ఎక్కడికీ తీసుకెళ్లలేదంటే బాగుండదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అమ్మని పి.గన్నవరం బస్సెక్కించి, నేను గంటన్నర ముందే సైకిల్ మీద బయల్దేరాను. 20 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అయినా అమ్మే ముందు దిగి, స్టాప్‌లో జామకాయలు కొని, పక్కావిడకి నా పెళ్లి సంబంధాల గురించి చెప్తూ కూర్చుని ఉంది. అక్కడి నుంచి అమ్మని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని అక్విడెక్టు దాకా తొక్కాను. అరవై దాటిన మనిషి, కాళ్లు ఒక పక్కకి పెట్టి, నా నడుం పట్టుకుని, దారంతా "మెల్లగా పోవే" అంటూనే ఉంది. రాజోలు వైపు పొలాలకి నీళ్లు పోవాలంటే అడ్డంగా వైనతేయ ఉంది కదా, అందుకని కాటన్ కాలంలోనే, 1850ల్లో, నది మీద 49 ఖానాల వంతెన కట్టి దాని మీదుగా కాలువని దాటించారు. ఇప్పుడు పక్కనే కొత్తది కూడా ఉంది. పైన ఒడ్డున నిలబడితే కళ్ల ముందు కాలువ ఒక వైపుకి పోతుంటుంది, వంగి చూస్తే కింద నది ఇంకో వైపుకి.

అమ్మ పైకి చూసింది, కిందికి చూసింది. మళ్లీ పైకి చూసింది. తర్వాత కొంగు ముడిలోంచి ఫోన్ తీసి కదిరిలో పెద్దమ్మకి చేసింది.

"అక్కా, ఈడ నీళ్ల మింద నీళ్లు పోతాండాయి."

స్పీకర్ ఆన్‌లోనే ఉంది. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎండలో తిరగొద్దే అంటే వినవు కదా నువ్వు. ముందు ఆ నీడకి పోయి కూసో, మజ్జిగ్గిన తాగు" అంది.